తీగల రంగులు చెప్పు మాట

విద్యుద్దీపము వెలిగించుట నేడు అగ్గిపుల్ల గీయుటకంటె సులభము. ఆ స్విచ్చి వెనుక, గోడలోని గొట్టములలో, రంగురంగుల తీగలున్నవి. వానిని మనము చూచుట అరుదు. చూచునప్పటికి ఇంటిలో ఏదో ఒకటి చెడియుండును, చేతిలో స్క్రూడ్రైవరుండును, మనస్సులో తొందరయు నుండును. అట్టి వేళ ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగుల అర్థము తెలిసియుండుట అవసరమే. ఆ అర్థమును ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసియుండుట అంతకంటె అవసరము.

వీధి స్తంభము నుండి సామాన్యమైన ఇంటికి రెండు తీగలు వచ్చును. ఒకటి ఫేజు, దానికిని భూమికిని నడుమ 230 వోల్టులుండును. రెండవది న్యూట్రలు. ట్రాన్సుఫార్మరు వద్ద దానిని భూమికి కలిపియుందురు గనుక దానిపై వోల్టేజి దాదాపు ఉండదు. దీపము వెలుగవలెనన్న ఈ రెంటి నడుమ వలయము పూర్తి కావలెను. మూడవది ఎర్తు, మన పెరటిలో పాతిన కడ్డీ నుండియో పలక నుండియో లోనికి వచ్చును. సాధారణముగా దీనికి పనియే లేదు. కాని ఇస్త్రీపెట్టెలో ఫేజు తీగ ఊడి లోహపు తొడుగునకు తగిలినచో, ఆ విద్యుత్తును మన దేహము గుండ పోనీయక భూమిలోనికి దింపి, ఫ్యూజు కాలిపోవునట్లు చేయునది ఇదియే. పనిలేని తీగ యని దీనిని కత్తిరించి వేయువారిని మేమెరుగుదుము.

మన దేశమున గోడతీగలకు చిరకాలముగా నున్న వాడుక ప్రకారము ఫేజునకు ఎరుపు, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ. బియ్యపు మిల్లులకును బోరుబావులకును వచ్చు మూడు ఫేజుల సరఫరాలో ఫేజులకు ఎరుపు, పసుపు, నీలము. న్యూట్రలు మాత్రము నలుపే. వీనిలో ఏ ఒక్క ఫేజునకైనను న్యూట్రలునకును నడుమ 230 వోల్టులు. ఏ రెండు ఫేజుల నడుమనైనను 400 వోల్టులు. ఈ మూటిలో రెంటిని తారుమారు చేసినచో మోటారు వెనుకకు తిరుగును. బోరు మోటారు తిరుగుచున్నను నీరు సరిగా రానప్పుడు అనుభవజ్ఞులు మొట్టమొదట అనుమానించున దిదియే.

నలుపు తీగలో వోల్టేజి లేదు గదా, స్విచ్చి ఏ తీగలో పెట్టిన నేమి యని కొందరనుకొందురు. స్విచ్చిని నలుపులో పెట్టినను దీపము ఆరును, వెలుగును. పైకి లోపమేమియు కనబడదు. కాని దీపమారిన తరువాత గూడ హోల్డరు వరకు 230 వోల్టులు నిలిచియే యుండును. బల్బు మార్చుటకై పీటనెక్కిన మనిషి స్విచ్చి ఆపితినను ధైర్యముతో హోల్డరును ముట్టుకొనును. 60 వాట్ల బల్బు గుండ పోవు విద్యుత్తు పావు ఆంపియరునకు కొంచెము మించును. అందులో ఎనిమిదవ వంతు, అనగా ముప్పది మిల్లీ ఆంపియర్ల పైచిలుకు, ఎదగుండ పోయినను ప్రాణము పోవచ్చును. అందువలన స్విచ్చియు ఫ్యూజును ఎర్ర తీగలోనే యుండవలెను.

ఇప్పుడు చిక్కు. ఈ రంగులు ప్రకృతి నియమములు కావు. తీగ వేసినవాడు తరువాత వచ్చువానికి ఇచ్చు మాట మాత్రమే. ఆ మాట దేశమునకొక తీరుగ నున్నది. మన వాడుక బ్రిటనునుండి వచ్చినది. ఆ దేశమే తన రంగులను మార్చుకొన్నది. 2004లో మొదలై 2006 ఏప్రిల్ నుండి తప్పనిసరియైన పద్ధతిలో అక్కడ ఫేజులు గోధుమ, నలుపు, బూడిద రంగులు, న్యూట్రలు నీలము. అనగా నిన్నటి న్యూట్రలు రంగు నేడు ఫేజునకును, నిన్నటి ఫేజు రంగు నేడు న్యూట్రలునకును వచ్చినవి! పాతతీగలు, క్రొత్తతీగలు కలిసియున్న ఇండ్లలో బోర్డుపై హెచ్చరిక కాగితము అంటించు నియమము గూడ చేసిరి. జర్మనీలో ఒకప్పుడు ఎరుపే ఎర్తు రంగుగా నుండెడిది.

అమెరికాలో ఇండ్లకు వచ్చునది 120 వోల్టులు; నలుపు, ఎరుపు రెండును ప్రాణాంతకమైన తీగలే, వాని నడుమ 240 వోల్టులు. న్యూట్రలు తెలుపు, ఎర్తు ఆకుపచ్చ లేక తొడుగులేని రాగి. అక్కడ పెద్ద కట్టడములలోని 480 వోల్టుల సరఫరాకు గోధుమ, నారింజ, పసుపు రంగులు వాడుట ఆచారము. రంగును బట్టియే వోల్టేజి తెలియవలెనని వారి ఉద్దేశము. ఇది మంచి పద్ధతియని మా అభిప్రాయము. అమెరికానుండి మనవారు తెచ్చు 120 వోల్టుల పెనమునో కాఫీ యంత్రమునో ఇక్కడి 230 వోల్టులకు తగిలించినచో, వేడి మూడున్నర రెట్లకు మించిపోవును. ప్లగ్గు మార్చినంత మాత్రమున వోల్టేజి మారదు.

మన బజారులో కొను మిక్సీకిగాని ఇస్త్రీపెట్టెకుగాని వచ్చు మెత్తని తీగలో సాధారణముగా గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు, పసుపు చారల ఆకుపచ్చ ఎర్తు. మూడు ఫేజుల బోర్డులో నీలమును ఫేజుగా చూచిన కంటికి ఇది విపరీతముగా తోచును. గోడ సాకెట్టున కెదురుగా నిలిచినప్పుడు పైనున్న పెద్ద రంధ్రము ఎర్తు, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రలు. ప్లగ్గులో ఎర్తు పుల్ల కొంచెము పొడవుగా నుండుటకు కారణము కలదు: లోనికి పోవునప్పుడు అది ముందు తగులును, బయటికి వచ్చునప్పుడు చివర విడివడును.

కనుక రంగు చూచి ఊహింపవలెను, టెస్టరు పెట్టి నిర్ణయింపవలెను. ఆ టెస్టరును గూడ ముందుగా వోల్టేజి ఉన్నదని తెలిసిన చోట పెట్టి, వెలుగుచున్నదో లేదో చూడవలెను. ఒక్కొక్కప్పుడు పంఖా స్విచ్చి వేసి యున్నను తిరుగదు, సాకెట్టులోని రెండు రంధ్రములలోను టెస్టరు వెలుగును. అది న్యూట్రలు ఎక్కడనో తెగినదనుటకు గుర్తు. పంఖా గుండ వచ్చిన ఫేజే నల్ల తీగలోనికి ప్రాకినది. అట్టి సమయమున నలుపు గూడ ఎరుపంత ప్రమాదకరము. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రలు తెగినచో కొన్ని దీపములు మసకబారును, మరికొన్ని మితిమీరి వెలిగి మాడిపోవును. అప్పుడు వెంటనే మెయిను స్విచ్చి ఆపి లైనుమనుకు కబురు చేయవలెను. ఇన్వర్టరున్న ఇండ్లలో మెయిను ఆపిన క్షణముననే అది మేల్కొని కొన్ని తీగలకు మరల 230 వోల్టులు అందించును గనుక, దానిని గూడ వేరుగా ఆపి, టెస్టరుతో మరొకమారు చూచిన తరువాతనే తీగపై చేయి వేయవలెను.