అండమాన్ ప్రయాణమా? ముందుగా మందుల సంచి సర్దుకోండి

"సిస్టరమ్మా, మా అబ్బాయి మమ్మల్ని అండమాన్ తీసుకెళ్తానంటున్నాడు. షుగరున్న మనిషిని, వెళ్ళవచ్చా?" అని సెలవుల ముందు మా ఓ.పి.లో చాలామంది అడుగుతుంటారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి చుట్టపుచూపుగా వెళ్ళేవారూ తక్కువేమీ కాదు. నా జవాబు ఒక్కటే: తప్పక వెళ్ళవచ్చు, అయితే సిద్ధపడి వెళ్ళాలి.

ఎందుకిలా చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం అరవై ఏళ్ళ అమ్మ ఒకామె మా వార్డులో చేరింది. పదిహేనేళ్ళుగా షుగరుంది. అండమాన్‌లో మధ్యాహ్నం పూట చెప్పులు చేతపట్టుకుని, మనవళ్ళతో ఇసుకలో అరగంట నడిచింది. రాత్రి కోడలు చూస్తే రెండు అరికాళ్ళకూ బొబ్బలు. పసుపు రాసి, బూట్లు తొడుక్కుని మిగిలిన ఊళ్ళన్నీ తిరిగారు. మా దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది రోజులైంది, పుండు చీము పట్టింది. ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. "కాలు మండలేదు సిస్టరమ్మా, మండి ఉంటే నేనే ఆగిపోయేదాన్ని" అంది. షుగరు పాదాల నరాలను దెబ్బతీస్తే వేడి, నొప్పి తెలియవు. అందుకే ఇసుకలోనూ, నీళ్ళలోనూ చెప్పులు విప్పకండి. ప్రతి రాత్రీ పాదాలను వేరొకరి చేత చూపించుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి?

నైరుతి రుతుపవనాలు మన కంటే ముందే, మే నెలలోనే అండమాన్‌ను తాకుతాయి. నవంబరు దాకా వానలుంటాయి. డిసెంబరు చివరి నుండి ఏప్రిల్ వరకు ప్రయాణానికి అనుకూలం. విమానంలో చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అక్కడి నుండి హేవ్‌లాక్, నీల్ దీవులకు మళ్ళీ పడవ ఎక్కాలి. ఈ రెండు దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. గాలివాన వస్తే పడవలు ఆపివేస్తారు, చిన్న దీవిలో ఒకటి రెండు రోజులు చిక్కుకుపోవచ్చు. పెద్దాసుపత్రి ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లోనే. గుండె జబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణీలు ఈ సంగతి ముందే ఆలోచించుకుని, డాక్టరుగారిని అడిగి టికెట్టు కొనండి.

మందుల సంచి

1. రోజూ వాడే మందులు ప్రయాణం రోజులకు సరిపడా, దానిపైన ఇంకొక వారానికి ఉంచుకోండి. చీటీ జిరాక్సు కూడా పెట్టుకోండి.

2. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ముఖ్యంగా ఇన్సులిను సామానుతో వేయకండి. సామాను తప్పిపోవచ్చు, విమానం అడుగున చలికి ఇన్సులిను గడ్డకట్టవచ్చు. గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. ఐసు ముక్కను దానికి నేరుగా తగలనివ్వకండి. ఎండలో ఆపిన కారులో వదలకండి.

3. షుగరు మందు వాడేవారు జేబులో నాలుగు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ ఉంచుకోవాలి. ఎక్కువ నడిచిన రోజున షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు.

4. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జ్వరం మాత్రలు, దూది, కట్టు గుడ్డ, థర్మామీటరు. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లాన్ని ఒక లీటరు నీళ్ళలో కలపాలి, ఆ నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి.

5. పడవలో వాంతులయ్యేవారు డాక్టరుగారు రాసిన మాత్రను ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. పడవ మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం అంచును చూడండి.

6. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే ప్రయాణానికి ముందే వేయించుకోండి. పగడపు దిబ్బలు గీసుకోవడం అక్కడ మామూలే.

ఎండ, నీరు, తిండి

అండమాన్ మనకు తూర్పున చాలా దూరంలో ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే శీతాకాలంలో ఐదు గంటలకే తెల్లవారి, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. సముద్రపు ఒడ్డున తిరగడం ఉదయం పది లోపు, మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టుకోండి. కాచిన నీళ్ళు లేదా సీలు ఉన్న సీసా నీళ్ళే తాగండి. చేపలు వేడివేడిగా ఉన్నవే తినండి. కొబ్బరి బోండాం మంచిదే కానీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ.

సముద్రంలో

ఎర్ర జెండా ఉన్నచోట దిగవద్దు. నీరు లోపలికి లాగితే ఒడ్డువైపు ఎదురీది అలసిపోకండి. ఒడ్డుకు అడ్డంగా, పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఉప్పునీటి మొసళ్ళున్నాయన్న బోర్డు ఉంటే నవ్వుకోకండి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక యాత్రికురాలు మొసలి వల్లనే మరణించింది.

జెల్లీ చేప కుడితే మంచినీళ్ళతో కడగకండి, రుద్దకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగులను పట్టకారుతో తీసి, తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో 20 నిమిషాలు ఉంచండి. షుగరున్న మనిషి అయితే ఆ వేడిని మరొకరు చేయి పెట్టి చూడాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నీటి అడుగుకు డైవింగుకు వెళ్ళిన తర్వాత 24 గంటల వరకు విమానం ఎక్కకూడదు. ఒత్తిడికి రక్తంలో కరిగిన గాలి పైకి వెళ్ళినప్పుడు బుడగలై కీళ్ళకూ, మెదడుకూ హాని చేస్తుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా డైవింగుకు పోకూడదు.

తిరిగి వచ్చాక

దోమతెర, దోమల మందు తప్పకుండా వాడండి. వానాకాలంలో కాలికి గాయంతో బురద నీళ్ళలో నడిస్తే ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, అది అండమాన్‌లో ఉన్నదే. వచ్చిన నెల లోపల జ్వరం వస్తే "మేము అండమాన్ వెళ్ళివచ్చాము" అని డాక్టరుకు మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది.

ఆ అమ్మ ఇప్పటికీ మా షుగరు క్లినిక్కుకు వస్తుంది. ఎవరైనా సముద్రానికి వెళ్తున్నామంటే చాలు, "చెప్పులు విప్పకండి తల్లీ" అని తానే ముందు చెబుతుంది. మీ ప్రయాణం ఖరారైతే రెండు వారాల ముందే ఒకసారి క్లినిక్కుకు రండి. మీ మందుల లెక్క మేము కూర్చుని చూస్తాము.