దారిబత్తెం మోసిన విమానం

ఆకివీడు చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికాకు ఓడలో వెళ్తుంది. చికాగోలో ఉన్న పిల్లల్ని చూడబోయే అమ్మానాన్నలు మాత్రం రైల్లో హైదరాబాద్ చేరి, శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. మధ్యలో దుబాయిలోనో దోహాలోనో విమానం మారక తప్పదు. అలాంటి మజిలీలు లేకుండా చేద్దామని పుట్టిందే బోయింగ్ 777-200ఎల్‌ఆర్.

గోడ మీది పటంలో శంషాబాద్ నుంచి చికాగోకు గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఆ దారి సుమారు 16,100 కిలోమీటర్లు. భూమి గుండ్రన కాబట్టి అసలు దగ్గరి దారి వేరే ఉంది. అది ఉత్తరానికి సాగి, ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి, కెనడా మీదుగా దిగుతుంది. దాని పొడవు 13,300 కిలోమీటర్లే. గంటకు 900 చొప్పున 15 గంటల లోపు చేరాలి. కానీ ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం, ఎదురుగాలి, దారి మళ్లింపులు కలిస్తే ఇంకో గంటో రెండో పెరుగుతాయి.

అసలు చిక్కు బరువుతోనే. ఈ విమానం ట్యాంకులు నిండితే సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం, అంటే 145 టన్నులు. ఖాళీ విమానం బరువూ దాదాపు అంతే. దూరప్రయాణంలో దారిబత్తెం మోసే కూలీకీ బత్తెం కట్టాల్సి వచ్చినట్టు, చివరి గంటల్లో కాలాల్సిన ఇంధనాన్ని అంతదూరం మోయడానికే మొదటి గంటల్లో బోలెడు ఇంధనం కాలిపోతుంది.

2005 మార్చి 8న తొలిసారి ఎగిరిన ఈ విమానం, అదే నవంబరులో హాంకాంగ్ నుంచి తూర్పుదిక్కుగా లండన్‌కు 21,602 కిలోమీటర్లు ఆగకుండా 22 గంటల 42 నిమిషాల్లో వెళ్లింది. 2007లో ఎయిర్ ఇండియాకు అందిన మొదటి 200ఎల్‌ఆర్‌కు ‘ఆంధ్రప్రదేశ్’ అని పేరు పెట్టారు. ఆ ఆగస్టులోనే ముంబయి–న్యూయార్క్ నేరు సర్వీసు మొదలైంది. ఇంధన ఖర్చు బరువై, 2013లో ఎనిమిదింటిలో ఐదింటిని ఎతిహాద్‌కు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. మిగిలినవాటిలో ఒకటి 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి తదితర మహిళా పైలట్ల చేతుల్లో, ధ్రువం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు చేరింది. ఆ నెలలోనే 238 సీట్లతో హైదరాబాద్–చికాగో నేరు సర్వీసూ వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

ప్రపంచమంతటా అమ్ముడైన 200ఎల్‌ఆర్‌లు అరవైకి అటూఇటూ. అంతదూరం పోకపోయినా ఎక్కువమందిని మోసే తోబుట్టువు 777-300ఈఆర్ ఎనిమిది వందలు దాటింది. కారణం తేలికే. దుబాయిలో ఆగితే చికాగో దారి 900 కిలోమీటర్లే పెరుగుతుంది. రెండు అంచెల్లోనూ ఇంధనం తక్కువ, సీట్లకూ సరుకుకూ చోటెక్కువ.

2018లో సింగపూర్–న్యూయార్క్ దారి పట్టిన ఎయిర్‌బస్ ఎ350-900యూఎల్‌ఆర్ 1,65,000 లీటర్లతోనే శంషాబాద్–చికాగో కన్నా ఎక్కువ దూరం, 15,300 కిలోమీటర్లు పోతోంది. కానీ అందులో ఉన్నవి 161 సీట్లే, ఎకానమీ తరగతి లేదు. తక్కువ ధర సీట్లతోనూ ఆ లెక్క గిట్టుబాటైన రోజునే శంషాబాద్ నుంచి చికాగోకు నేరు విమానం నిలదొక్కుకుంటుంది.