చేనికి తగిన తుపాకి



చెఱకు ముదిరినపుడును, మక్కకంకి పాలు పోసికొన్నపుడును అడవిపందుల బాధ ఎట్టిదో బోధను ప్రాంతపు పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు. శక్కర్‌నగరు ఫ్యాక్టరీ 2015లో మూతపడి చెఱకు తగ్గినను ఆ బాధ తగ్గలేదు. "ఒక మంచి రైఫిలు కొనిన మేలు గదా?" యని నన్ను పలువు రడిగిరి. నాకు తోచిన సమాధానము మనవి చేసెదను.

తుపాకులు ముఖ్యముగా రెండు జాతులు. రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన గాడులుండును. అవి గుండును బొంగరమువలె త్రిప్పి పంపుటచే నది సూటిగా బహుదూరము పోవును. రెండవది నున్నని గొట్టము గలది. ఇందు ఛర్రాల తూటా వాడుదురు. దాని దెబ్బ సుమారు 40 గజముల లోపలనే నమ్మదగినది. 12 బోరు అనగా, గొట్టపు వెడల్పునకు సరిపోవు సీసపు గుండ్లు 12 కలిసి ఒక పౌను తూగునని యర్థము. భర్మారు తుపాకియు సాధారణముగా నీ జాతిదే. మూతినుండి మందు దట్టించి కాల్చవలెను. దానికి ఒక్కటే దెబ్బ. మందు తడిసిన నదియు లేదు.

దూరము కొట్టునదే మంచిదని తలంతురు. మన నేలను చూడుడు. మంజీర తీరము చదునైనది. తప్పిన గుండు నాపుటకు గుట్ట లేదు. .315 రైఫిలు గుండు మైలు దాటిపోగలదు. చిన్నదని తలచు .22 గుండును మైలు పోగలదు. పైగా పందిని చంపక గాయపఱచును. గాయపడి చెఱకులో దూరిన పంది, తెల్లవాఱి కోతకు వచ్చిన కూలివారిమీద పడును.

నా పడుచుతనమున ఒకనాటి రాత్రి మా చెఱకులో చప్పుడైనది. నేను తుపాకి యెత్తితిని. మా పెదనాయన నా చేయి పట్టుకొని "ఎవరది?" అని కేకవేసెను. "నేనే, పటేలా" అని నీళ్లు మళ్లించుచున్న మా జీతగాడు పలికెను. చెఱకు పందిని దాచినట్లే మనిషిని దాచును. కంట స్పష్టముగా గానరానిదానిపై కాల్చరాదు. చీకటిలో, చెఱకుమధ్య, మన చూపు 40 గజములు సాగదు. అట్టిచోట మైలు పోవు గుండుతో పనియేమి?

1959 నాటి ఆయుధచట్టపు 13వ సెక్షనును ఈ తీరుననే యున్నది. నిజముగా పైరు కాపుదలకైనచో భర్మారునకు లైసెన్సు. అది చాలదని అధికారికి తోచిన, వేఱొక నున్నని గొట్టపు తుపాకికి. అయితే లైసెన్సు వేట కనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, పందిని కొట్టుటకు అధికారము గలవారి వ్రాతపూర్వకమైన యనుమతి వేఱుగా పొందవలయును.

కావున, తుపాకియే కావలసిన, 12 బోరు జంటగొట్టములది చాలును. మొదటి దెబ్బకు పడని పందికి రెండవది సిద్ధముగా నుండును. తుపాకిని ఒకచోట, తూటాలను వేఱొకచోట తాళములో నుంచుడు. అంతకు ముందే గట్లవెంట ముండ్ల కుసుమ వరుసలు వేయుడు. శక్తి గలవారు సౌరకంచె కట్టుడు. కరెంటుతీగ మాత్రము పఱవకుడు. పంది యేదో, పొరుగువాని బిడ్డ యెవరో దానికి తెలియదు.

పోయిన పైరు మరుసటియేట పండును. పోయిన ప్రాణము రాదు.