బెంచీ మీది అమ్మాయి

బాస్కెట్‌బాల్ అనగానే మన కళ్లకి కనిపించేది బుట్టలో బంతి వేసే అమ్మాయే. చప్పట్లు ఆమెకే, పేపర్లో ఫొటో ఆమెదే. మరి తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్న అమ్మాయి? ‘మా పిల్లని ఆడించడం లేదు’ అని తల్లులు చిన్నబుచ్చుకునేది ఆమె గురించే.

లెక్క చూడండి. జట్టులో 12 మంది, కోర్టులో ఉండేది 5 గురే. బయటికొచ్చిన అమ్మాయి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, ఎన్నిసార్లయినా. కానీ 5 ఫౌల్స్ చేసిందా, ఆ రోజుకి ఆమె ఆట అయిపోయినట్టే. అప్పుడా ఖాళీలో నిలబడేదెవరు?

బాపట్లలో చదువుకునే రోజుల్లో మా జట్టులో ఒకమ్మాయి ఉండేది. పొడుగు అంతంతమాత్రం. బంతి ముందుకు తీసుకెళ్లమంటే వెళ్లేది, అవతలి జట్టులో గట్టి పిల్లని కాపు కాయమంటే కాసేది. ఒక మ్యాచ్‌లో మా పొడుగమ్మాయి 5 ఫౌల్స్‌తో బయటికొచ్చేసింది. రింగు కిందికి ఈ పిల్లే వెళ్లింది. తనకన్నా జానెడు ఎత్తున్న అమ్మాయికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, అలా పాతుకుపోయింది. రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి అవతలి పిల్లకి అందితేగా! ఈమెకీ దొరకలేదనుకోండి, పక్కనున్న మావాళ్లు అందుకున్నారు. ఆ రోజు ఆమె వేసినవి 2 పాయింట్లు. మేం గెలిచాం. స్కోరు షీటంతా వెతికినా ఆమె చేసిన పని కనిపించదు.

అసలు ఆడవాళ్లని కోర్టంతా తిరగనివ్వడానికే చాలా ఏళ్లు పట్టింది. 1891లో అమెరికాలో ఈ ఆట పుట్టింది. మరుసటి ఏడాదే అమ్మాయిలూ మొదలుపెట్టారు. కానీ వాళ్ల కోసం కోర్టుని మూడు భాగాలుగా గీశారు. ఎవరి గీత వాళ్లు దాటకూడదు... అలసిపోతారట! అయోవా రాష్ట్రంలో 1993 దాకా కొన్ని బళ్లలో అమ్మాయిలు సగం కోర్టులోనే ఆడారు. బంతి వేసేవాళ్లది ఒక సగం, అడ్డుకునేవాళ్లది ఇంకో సగం. ఇప్పుడు అదే దేశంలో, మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో, బెంచీ మీంచి వచ్చి బాగా ఆడినవాళ్లకి 2007 నుంచి ప్రత్యేకంగా అవార్డు ఇస్తున్నారు. డివానా బానర్ 2009 నుంచి వరసగా 3 ఏళ్లు అందుకుంది.

మా ఆడపడుచు కూతురు రేపల్లె నుంచి తెనాలి వచ్చి ఆడుతోంది. ‘‘పది నిమిషాల ఆటకి రోజూ రైలు ప్రయాణమా వదినా? మానిపించేస్తా’’ అంది మొన్న. ఆ పది నిమిషాల్లో ఏం ఆడిందని అడిగాను. తెలీదంది.

మీరూ అంతేనా? ఈసారి స్కోరు బోర్డు వదిలేసి మీ అమ్మాయినే చూడండి. ఎవరిని ఆపింది, ఎవరికి బంతి అందించింది, ఎన్ని చోట్ల ఆడింది? కోచ్‌ని ‘ఎందుకు ఆడించరు’ అని కాక ‘ఇంకా ఏం నేర్చుకోవాలి’ అని అడగండి. అలాగని ఏడాదంతా నీళ్ల సీసాలే మోయిస్తుంటే మాత్రం ఊరుకోకండి!

వచ్చే శనివారం బాపట్లలో మ్యాచ్. మా ఆడపడుచు వస్తానంది. పిల్ల మాత్రం, ‘‘అమ్మ చూస్తుంటే నాకు భయం అత్తయ్యా’’ అంటోంది.