వంతు నుంచి ఉభయం వరకు: చంద్రగిరి భారత ఉత్సవం, సరిహద్దు సీమ వారసత్వం

వ్యాససంగ్రహం: చంద్రగిరి ధర్మరాజుల గుడిలో జరిగే మహాభారత ఉత్సవాన్ని ‘తమిళ ప్రభావం’ అన్న ఒక్క మాటతో వివరించడం సరిపోదనీ, ఖర్చునూ శ్రమనూ పంచుకొనే ఉభయం పద్ధతిలో ఈ సీమ వారసత్వం నిలిచి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలిక కోసం అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరంలో మెక్సికన్-అమెరికన్లు ప్రదర్శించే గొల్లల నాటకాన్ని స్వీకరిస్తుంది.

కీలక పదాలు: చంద్రగిరి, ద్రౌపదీ ఆరాధన, వీధినాటకం, ఉభయం, సరిహద్దు సంస్కృతి, మెక్సికన్-అమెరికన్ వారసత్వం.

1. ఉపోద్ఘాతం

చంద్రగిరి అనగానే చరిత్ర విద్యార్థికి కోట స్ఫురిస్తుంది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుగొండకూ, అక్కడి నుంచి చంద్రగిరికీ తరలింది. నేడు రాజమహలులో పురావస్తు ప్రదర్శనశాల ఉంది. సందర్శకుల కోసం ధ్వని, కాంతుల ప్రదర్శన కూడ ఏర్పాటైంది. వారసత్వం అన్న పదాన్ని ప్రభుత్వ పత్రాలలో ఈ కట్టడాలకే ఎక్కువగా వాడుతారు.

అదే ఊరిలో ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి ఆలయం ఉంది. జనవ్యవహారంలో అది ధర్మరాజుల గుడి. అక్కడ ఏటేటా మహాభారత ఉత్సవం జరుగుతుంది. పుత్తూరు, నగరి మొదలుకొని ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని అనేక గ్రామాలలో ఇటువంటి గుళ్లు, ఇటువంటి ఉత్సవాలు ఉన్నాయి. తెలుగుదేశంలోని తక్కిన ప్రాంతాల వారికి ఇవి కొత్తగా తోస్తాయి. కోస్తాలో గానీ తెలంగాణలో గానీ ద్రౌపదికి గుడి కట్టి, పాండవ కథను రోజుల తరబడి ఆడి, చివర నిప్పులు తొక్కే ఆచారం ఇంత విస్తృతంగా కనిపించదు. ఈ ప్రత్యేకతకు కారణాన్ని తమిళదేశంలో వెదకడం సహజమే. సెంజి ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని ఆల్ఫ్ హిల్ట్‌బైటెల్ 1988, 1991 సంవత్సరాలలో ప్రకటించిన రెండు సంపుటాల అధ్యయనం ఆ వెదుకులాటకు బలమైన ఆధారం. అయితే ఒక ఆచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఇక్కడ ఎందుకు నిలిచిందన్నది వేరొక ప్రశ్న. ఈ రెండవదానికి రావలసినంత శ్రద్ధ రాలేదు.

2. కథ, ఆట, ఆచారం

ఉత్సవం సాధారణంగా పద్దెనిమిది పర్వాలకు సంకేతంగా పద్దెనిమిది రోజులు సాగుతుంది. కొన్ని ఊళ్లలో ఈ లెక్క మారుతుంది. ధ్వజారోహణంతో ఆరంభం. మధ్యాహ్నం హరికథకుడు భారతం చెబుతాడు. చెప్పిన ఘట్టాన్ని రాత్రి వీధినాటక బృందం ఆడుతుంది. ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, వస్త్రాపహరణం, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం ఈ వరుసలో వస్తాయి. వినడం, చూడడం అనే ఈ రెండింటికీ మించి, కొన్ని ఘట్టాలలో ఊరంతా పాల్గొంటుంది.

అర్జున తపస్సు అటువంటిది. ఎత్తయిన తపస్సు మానును నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టుమెట్టుగా పైకెక్కి, అక్కడి నుంచి నిమ్మకాయలు, పండ్లు, విభూతి కిందికి విసురుతాడు. సంతానం కోరిన స్త్రీలు మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. నన్నయ అరణ్యపర్వంలో అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడు. మాను లేదు, సంతాన వరమూ లేదు. అస్త్రం కోసం చేసిన తపస్సు బిడ్డల కోసం ఎదురుచూసే తల్లులకు ఫలించడం జానపద కల్పన. అంతకంటె ముఖ్యంగా, అది ఈ సీమ స్త్రీలు భారతంలో తమకై సంపాదించుకొన్న చోటు.

దుర్యోధన వధనాడు నేలపై వెల్లకిలా పడుకొన్న భారీ మట్టి విగ్రహాన్ని సిద్ధం చేస్తారు. భీమ, దుర్యోధన వేషధారులు దాని చుట్టూ తిరుగుతూ పోరాడుతారు. తొడ పగిలిన తరువాత ద్రౌపది కురులు ముడుస్తుంది. ఆపై అగ్నిగుండ ప్రవేశం: కంకణం కట్టుకొని, పసుపు బట్టలు ధరించి, నియమంతో ఉన్న భక్తులు నిప్పులపై నడుస్తారు. ధర్మరాజు పట్టాభిషేకంతో ఉత్సవం ముగుస్తుంది. ద్రౌపది అగ్ని ప్రవేశం వ్యాసునిలో లేదు, కవిత్రయంలో లేదు. యుద్ధారంభానికి ముందు అర్జునుని కుమారుడు కాళికి బలి కావడం వంటి ఘట్టాలు తమిళ భారత సంప్రదాయానికి చెందినవి. ఈ కథలను తెలుగు పద్యాలతో, తెలుగు దరువులతో ఆడినప్పుడు అవి ఏ భాష సొత్తు? ప్రశ్నలోనే లోపం ఉంది.

3. వంతు, ఉభయం

ఉత్సవ స్వభావాన్ని అన్నిటికంటె స్పష్టంగా తెలిపేది బకాసుర వధ. ఆదిపర్వంలో ఏకచక్రపురవాసులు రోజుకొక ఇంటి వంతున బండెడు అన్నం, దున్నపోతులు, ఒక మనిషిని రాక్షసునికి పంపుతారు. వంతు అక్కడ భయానికి పేరు. అతిథిగా ఉన్న కుంతి తన ఆతిథేయుల వంతును తన కొడుకు మీద వేసుకొంటుంది. ఉత్సవంలో భీమ వేషధారి అన్నపు బండితో వీధులలో ఊరేగుతాడు; ఇళ్లవారు బండికి ఆహారపదార్థాలు సమర్పిస్తారు. అదే బండి, అదే అన్నం. భయంతో పంపిన వంతు ఇక్కడ ఇష్టంతో ఇచ్చే భాగమైంది.

ఈ మార్పు ఒక ఘట్టానికే పరిమితం కాలేదు. మొత్తం ఉత్సవం ఉభయం పద్ధతిపై నడుస్తుంది. ఒక్కొక్క రోజు ఖర్చును ఒక కుటుంబమో, కులమో, వీధివారో, వర్తకసంఘమో భరిస్తారు, వారు ఉభయదారులు. ‘ఉబయం’గా తమిళదేశపు దేవాలయాలలోనూ వినిపించే ఈ మాట చిత్తూరు తెలుగులో పరభాషా పదంగా ఎవరికీ తోచదు. ఉభయం హక్కు కూడ, బాధ్యత కూడ. దానిని వదులుకోవడం పరువు తక్కువ. కొత్తగా స్థిరపడినవారికి ఉభయం దొరకడమంటే ఊరిలో స్థానం దొరకడమే. ఇందులో కులాల హెచ్చుతగ్గులు లేవనుకోవడం అమాయకత్వం అవుతుంది. ఏ రోజు ఎవరిది, ముందు వరుస ఎవరిది అన్న తగవులు ఉత్సవ చరిత్రలో భాగమే. అయినా తగవు పడేది కూడ వంతు కోసమే.

4. ఊరు కదలలేదు, గీత కదిలింది

చంద్రగిరి బ్రిటిష్ పాలనలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చింది. పటాస్కర్ సిఫారసుల మేరకు 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. 2022లో జిల్లాల పునర్విభజనతో చంద్రగిరి, పుత్తూరు తిరుపతి జిల్లాలోకి రాగా నగరి చిత్తూరులో మిగిలింది. ఈ గీతలన్నీ భారతం ఆడే ఊళ్ల మధ్య నుంచే పోయాయి. గీతకు ఈవల ఉన్న ఉత్సవాన్ని ప్రభావమనీ ఆవలి దానిని మూలమనీ పిలవడం, 1960 నాటి పటాన్ని అంతకు ముందరి శతాబ్దాలపై పరచడమే. బెంగళూరు ధర్మరాయస్వామి ఆలయంలో తిగళులు జరిపే కరగ ఉత్సవాన్ని కూడ ఈ వరుసలో చేర్చి చూడవలసి ఉంది. 1860లో మద్రాసు నుంచి నాటాలుకు మొదలైన కూలీల వలసలో ఉత్తర ఆర్కాటువారు గణనీయంగా ఉన్నారు. దక్షిణాఫ్రికాలో ద్రౌపదికి నిప్పులు తొక్కే ఆచారం ఈస్టర్ సెలవులకు సర్దుకొని నేటికీ సాగుతోంది.

5. శాన్ ఆంటోనియో పోలిక

గీత కదలడం వల్ల పరాయివారైన జనం ఇతరత్రా కూడ ఉన్నారు. టెక్సాస్ 1836లో మెక్సికో నుంచి విడివడి, 1845లో అమెరికాలో చేరింది. 1848 ఒడంబడిక రియో గ్రాండే నదిని సరిహద్దు చేసింది. శాన్ ఆంటోనియోలో స్పానిషు మాట్లాడే కుటుంబాలు కదలకుండానే వేరే దేశంవారయ్యాయి. మెక్సికో నుంచి తరువాత వచ్చిన వలసలు వారితో కలిశాయి. వీరు క్రిస్మస్ రోజులలో ‘లాస్ పస్టోరెస్’ అనే గొల్లల నాటకం ఆడుతారు. బాలయేసును చూడబోయే గొల్లలను సైతాను అడ్డగించడం, దేవదూత అతనిని ఓడించడం ఇతివృత్తం. రిచర్డ్ ఫ్లోరెస్ 1995లో ప్రకటించిన అధ్యయనం ఈ నాటకాన్ని రెండు రకాల చోట్ల పరిశీలించింది. పేటలోని ఇంటి పెరటిలో ఆడినప్పుడు ఆతిథేయులు పీఠం అలంకరించి, ఆటగాళ్లకూ వచ్చినవారికీ భోజనం పెడతారు. నాటకం అక్కడ ఇచ్చిపుచ్చుకొనే శ్రమ. చారిత్రక మిషన్ కట్టడం ఆవరణలో పర్యాటకుల ముందు ఆడినప్పుడు అదే నాటకం చూడదగ్గ వస్తువు. మాటలూ వేషాలూ మారకపోవచ్చు. ఆటకూ చూపరికీ మధ్య బాధ్యత మాత్రం మిగలదు.

ఈ పరిశీలన చంద్రగిరికి సూటిగా తగులుతుంది. ఇక్కడా కోట ఆవరణ ఉంది, గుడి వీధి ఉంది. తేడా ఒకటి గుర్తించాలి. శాన్ ఆంటోనియోలో స్పానిషు నాటకం ఇంగ్లీషు ఆధిపత్యం నడుమ మెక్సికన్ అస్తిత్వాన్ని చాటుతుంది. చంద్రగిరిలో ఎవరూ తమ ‘తమిళత్వాన్ని’ గానీ ‘తెలుగుత్వాన్ని’ గానీ చాటుకోవడానికి నిప్పులు తొక్కరు. అక్కడ భాష గుర్తింపు చిహ్నం. ఇక్కడ పని జరిపించే సాధనం. కాబట్టి ‘అస్తిత్వ ఉత్సవం’ అన్న పడికట్టు పదాన్ని అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు.

6. పరిశోధన చేయవలసింది

తెల్లవార్లూ సాగిన ఆటలు చాలాచోట్ల కొన్ని గంటలకు కుదించుకుపోతున్నాయి. వీధినాటక కళాకారులకు ఏడాదిలో కొద్ది నెలలే పని. వారసత్వ గుర్తింపు, పర్యాటక నిధులు వస్తే కళాకారునికి మేలే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు విశ్వవిద్యాలయ వేతనజీవులకు లేదు. అయితే నిధి ఉభయం స్థానంలోకి వస్తే బకాసురుని బండికి ఇళ్లవారు బియ్యం ఇవ్వవలసిన అవసరం ఉండదు. నిధి ఆటగాళ్ల పారితోషికానికి, ప్రతుల సేకరణకు చేరి, రోజుల ఖర్చు ఉభయదారుల చేతిలోనే ఉండే ఏర్పాటు ఆలోచించదగినది.

నాటక ప్రతుల సేకరణ కొంత జరిగింది. ఉత్సవ ఆహ్వాన పత్రికలను సేకరించే ప్రయత్నం మాత్రం అరుదు. ఏ రోజు ఏ ఘట్టం, ఆ రోజు ఉభయదారులెవరు, హరికథకులెవరు, ఏ ఊరి నాటక బృందం అన్నవి వాటిలో వరుసగా అచ్చవుతాయి. ఒక గుడికి సంబంధించి ముప్పై నలభై ఏళ్ల పత్రికలు చేతికి వస్తే, ఏ కుటుంబం ఉభయం వదిలింది, ఏ వీధి కొత్తగా చేరింది, ఏ ఘట్టం జాబితా నుంచి జారిపోయింది అన్నది ఏడాదివారీగా చదవవచ్చు. సరిహద్దుకు ఆవలి ఊళ్ల పత్రికలతో కలిపి చదివితే బృందాల రాకపోకలు తేలుతాయి. మూడు రాష్ట్రాల కూడలిలో 1997లో నెలకొన్న కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఈ పని సహజంగా అమరుతుంది. ఆ కాగితాలు ఇప్పటికి పూజారుల ఇళ్లలో, అచ్చుకూటాల అటకలపై ఉండవచ్చు. ఉత్సవం ముగిశాక వాటిని దాచేవారు తక్కువ.