ప్రవాళ అక్వేరియంలో క్షారత – కాల్షియం సమతుల్యత

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ప్రవాళాలు అస్థిపంజరం నిర్మించుకొనేటప్పుడు కాల్షియం, క్షారత ఏ నిష్పత్తిలో ఖర్చవుతాయో లెక్కించగలుగుతారు.
• రెండింటిలో క్షారత లోపమే ముందుగా ఎందుకు బయటపడుతుందో వివరించగలుగుతారు.
• నీటి పరీక్ష ఫలితాలను చూసి, రెండింటినీ కలిపి అందించాలా, ఒక్కదానినే సరిదిద్దాలా అని నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

ఇంట్లో గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, అందులో పగడపు జీవులను, అంటే ప్రవాళాలను పెంచేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. సముద్రంలో ప్రవాళాలు ఎంత కాల్షియం తీసుకున్నా, ఆ అపారమైన నీటిలో లోటు కనిపించదు. 200 లీటర్ల తొట్టిలో ఆ లోటు ఒక్క రోజులోనే తెలుస్తుంది. దానిని పట్టించుకోకపోతే, ఏళ్ల తరబడి పెరిగిన ప్రవాళం కొద్ది రోజులలో కణజాలం ఊడిపోయి తెల్లని అస్థిపంజరంగా మిగులుతుంది. అందువల్ల ఈ తొట్టిని మీరు చదివిన అవక్షేపణ, ఆమ్ల–క్షార అంశమాపనాలకు ఒక సజీవ ఉదాహరణగా చూడండి.

ఒక హెచ్చరిక అవసరం. భిత్తికలను నిర్మించే ప్రవాళాలకు మన దేశంలో వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 మొదటి షెడ్యూలు కింద రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచి గాని, లక్షద్వీప్, అండమాన్ దీవుల నుంచి గాని వాటిని సేకరించడం నేరం. ఈ పాఠం ఉద్దేశం రసాయన సూత్రాన్ని తెలియజేయడమే.

2. క్షారత అంటే ఏమిటి?

విద్యార్థులు తరచుగా క్షారతను, పి.హెచ్.ను ఒకటిగా భావిస్తారు. పి.హెచ్. ఆ క్షణంలో నీటిలో హైడ్రోజన్ అయాన్ల స్థాయిని తెలుపుతుంది. క్షారత, ఆ నీరు ఎంత ఆమ్లాన్ని తటస్థీకరించగలదో తెలుపుతుంది. ఒకే పి.హెచ్. ఉన్న రెండు నీళ్లకు వేర్వేరు క్షారతలు ఉండవచ్చు. సముద్రపు నీటిలో క్షారతకు ప్రధాన కారణం బైకార్బొనేట్ అయాన్లు. కార్బొనేట్, బోరేట్ అయాన్ల వాటా తక్కువ.

క్షారతను లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో చెబుతారు. 1 మిల్లీ ఈక్వివలెంట్ అంటే కాల్షియం కార్బొనేట్ రూపంలో లీటరుకు 50 మి.గ్రా.; అక్వేరియం పెంపకందారులు వాడే జర్మన్ డిగ్రీలలో 2.8. వారు వాడే పరీక్ష కిట్‌లో కొత్త సూత్రమేమీ లేదు. ప్రయోగశాలలో మీరు బ్యూరెట్‌తో చేసే ఆమ్ల అంశమాపనాన్నే అక్కడ చుక్కలు లెక్కపెట్టి చేస్తారు.

సాధారణ లవణీయత గల సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు సుమారు 410–420 మి.గ్రా., క్షారత సుమారు 2.3 మిల్లీ ఈక్వివలెంట్లు, మెగ్నీషియం సుమారు 1,280 మి.గ్రా. ఉంటాయి. తొట్టిలో క్షారతను కొంత ఎక్కువగా, 2.5–3.5 మధ్య, స్థిరంగా ఉంచడం వాడుక.

3. ఖర్చు నిష్పత్తి

ప్రవాళం అస్థిపంజరం కట్టే చర్యను స్థూలంగా ఇలా రాయవచ్చు:

కాల్షియం అయాన్ + 2 బైకార్బొనేట్ అయాన్లు → కాల్షియం కార్బొనేట్ + కార్బన్ డయాక్సైడ్ + నీరు

ఒక మిల్లీమోల్ కాల్షియం, అంటే 40 మి.గ్రా., ఖర్చయినప్పుడు 2 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారత ఖర్చవుతుంది. కాబట్టి 1 మిల్లీ ఈక్వివలెంట్ క్షారత తగ్గితే కాల్షియం 20 మి.గ్రా. తగ్గుతుంది. ప్రవాళం చిన్నదైనా పెద్దదైనా ఈ నిష్పత్తి దాదాపు ఇంతే. అస్థిపంజరంలో కాల్షియం స్థానంలో కొద్దిగా మెగ్నీషియం చేరడం, తొట్టిలో నైట్రేట్ పేరుకోవడం వంటి కారణాలతో స్వల్ప తేడా రావచ్చు.

4. ఏది ముందు పడిపోతుంది?

ఒక తొట్టిలో కాల్షియం 420, క్షారత 2.8 ఉన్నాయనుకోండి. రోజుకు క్షారత 0.5 చొప్పున ఖర్చవుతున్నది. మూడు రోజులు ఏమీ అందించలేదు. అప్పుడు క్షారత 1.3కు పడిపోతుంది, సగానికి పైగా పోయినట్లే. కాల్షియం తగ్గేది 30 మి.గ్రా. మాత్రమే. అది 390 వద్ద ఉంటుంది; తరుగుదల సుమారు 7 శాతం. (నిజానికి క్షారత పడిపోయే కొద్దీ ప్రవాళాల పెరుగుదల మందగించి, ఖర్చు కూడా కొంత తగ్గుతుంది.)

ఇంటి కిట్‌లో 10, 20 మి.గ్రా. తేడా పరీక్ష దోషంలోనే కలిసిపోతుంది. కనుక "కాల్షియం బాగానే ఉంది, తొట్టి బాగానే ఉంది" అనుకోవడం ప్రమాదకరం. రెండూ ఒకే లెక్కన ఖర్చవుతున్నా, క్షారత నిల్వ చిన్నది. రోజూ కొలవవలసినది క్షారత. కాల్షియం వారానికి ఒకసారి చూస్తే సరిపోతుంది.

5. తిరిగి నింపే పద్ధతులు

ఖర్చు ఏ నిష్పత్తిలో జరిగితే భర్తీ కూడా అదే నిష్పత్తిలో జరగాలి. ఇందుకు మూడు మార్గాలున్నాయి.

(అ) సున్నపు తేట: కాల్షియం హైడ్రాక్సైడ్ సంతృప్త ద్రావణం. 1970లలో పీటర్ విల్కెన్స్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. దీనిలో కాల్షియం, క్షారత సరైన నిష్పత్తిలోనే ఉంటాయి. కాని దాని పి.హెచ్. 12 దాటుతుంది. కాబట్టి ఆవిరైన నీటికి బదులుగా చుక్కలు చుక్కలుగా మాత్రమే కలపాలి. చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త వహించాలి.

(ఆ) రెండు ద్రావణాలు: ఒక సీసాలో కాల్షియం క్లోరైడ్, మరొకదానిలో సోడియం కార్బొనేట్ లేదా బైకార్బొనేట్. రెండింటినీ ఒకేచోట పోస్తే తెల్లని అవక్షేపం ఏర్పడి పదార్థం వృథా అవుతుంది. ఈ పద్ధతిలో సోడియం క్లోరైడ్ మిగిలిపోతుంది కనుక లవణీయతను గమనిస్తూ ఉండాలి.

(ఇ) కాల్షియం రియాక్టర్: కార్బన్ డయాక్సైడ్‌తో ఆమ్లీకరించిన నీటిని కాల్షియం కార్బొనేట్ రాళ్ల మీదుగా పంపి కరిగించడం. ఇది పైన రాసిన చర్యకు తిరోగామి చర్య.

6. సమతుల్యత తప్పితే?

ముందుగా తేడాను సరిదిద్ది, ఆ తరువాతే సమ నిష్పత్తి భర్తీని కొనసాగించాలి. రెండూ తక్కువగా ఉంటే రెండింటినీ పెంచాలి. కాల్షియం సరిగా ఉండి క్షారత తగ్గితే బైకార్బొనేట్ మాత్రమే, క్షారత సరిగా ఉండి కాల్షియం తగ్గితే కాల్షియం క్లోరైడ్ మాత్రమే వేయాలి. రెండూ ఎక్కువైతే ఏమీ వేయకుండా ఆగాలి. ఆ స్థితిలో ఇంకా పోస్తే హీటరు, పంపుల మీద తెల్లని పొర కడుతుంది. అలా తరచూ జరుగుతుంటే మెగ్నీషియం కూడా పరీక్షించండి. మెగ్నీషియం అయాన్లు పెరిగే స్ఫటికం ఉపరితలంపై చేరి అవక్షేపణను నెమ్మదింపజేస్తాయి. అవి తగ్గితే ఆ అడ్డు తొలగిపోతుంది.

ఉదాహరణ: 200 లీటర్ల తొట్టిలో క్షారతను 0.5 పెంచాలంటే 100 మిల్లీ ఈక్వివలెంట్లు కావాలి. సోడియం బైకార్బొనేట్ (తినే సోడా) తుల్యాంకభారం 84. కాబట్టి 8.4 గ్రాములు చాలు. ఒక రోజులో ఇంతకంటే ఎక్కువ పెంచకూడదు. తక్కువ విలువ కంటే ఆకస్మికమైన మార్పే ప్రవాళాలకు ఎక్కువ హాని చేస్తుంది.

7. తొట్టి నుంచి సముద్రానికి

అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే పరిశోధన కేంద్రంలో సుమారు 26 లక్షల లీటర్ల కృత్రిమ సముద్రం ఉండేది. అక్కడి నీటి రసాయన స్థితిని మార్చి చూసిన క్రిస్ లాంగ్డన్ బృందం, ప్రవాళాల నిర్మాణ వేగం కాల్షియం, కార్బొనేట్ అయాన్ల గాఢతల లబ్ధాన్ని అనుసరిస్తుందని 2000లో ప్రచురించింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సముద్రంలో కాల్షియం తగ్గదు, కార్బొనేట్ తగ్గుతుంది. తొట్టిలో ఆ లోటును మనం తూచి పూరించగలం. సముద్రానికి అలా పోసేవారు లేరు.

సారాంశం

కాల్షియం, క్షారత ఒకే చర్యలో, 20 మి.గ్రా.కు 1 మిల్లీ ఈక్వివలెంట్ చొప్పున ఖర్చవుతాయి. నిల్వ చిన్నది కనుక క్షారత ముందు పడిపోతుంది. కొలిచిన తరువాతే వేయాలి. ఏది తగ్గిందో దానినే వేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

నాలుగు రోజులలో క్షారత 3.0 నుంచి 2.0కు తగ్గింది. కాల్షియం 60 మి.గ్రా. తగ్గినట్లు కిట్ చూపింది. మీరు ఏం చేస్తారు?

జవాబు: నిష్పత్తి ప్రకారం కాల్షియం సుమారు 20 మి.గ్రా. మాత్రమే తగ్గాలి. కాబట్టి వెంటనే కాల్షియం క్లోరైడ్ వేయకూడదు. ముందు లవణీయతను చూసి, కాల్షియం పరీక్షను మళ్లీ చేయాలి.