ప్రత్యేకావసరములుగల పిల్లలకు ఉన్నత పాఠశాల చదువు

మార్కాపురము పలకలు దేశములో పేరుగన్నవి. గనినుండి తీసిన రాతిని పొరలుగా చీల్చి, నునుపుచేసి, చట్రము బిగించి పంపిన ఆ పలకలపై దూర రాష్ట్రముల పిల్లలు సైతము అక్షరములు దిద్దుకొనిరి. ఇతరుల బిడ్డలకు పలకనిచ్చిన ఈ ప్రాంతమున, చూపు లేదనియో, వినికిడి లేదనియో, బుద్ధి నెమ్మదిగా వికసించుచున్నదనియో ఒక్క బిడ్డయైనను చదువునకు దూరము కారాదు. ఈ విషయమున గ్రామ పంచాయితీ సభ్యులు చేయదగినది చాల గలదు. కావున చట్టమేమి చెప్పుచున్నదో, పాఠశాలయందు ఏమి జరుగవలెనో, గ్రామమందు మనమేమి చేయవలెనో ఇచ్చట వివరింపబడుచున్నది.

ప్రాథమిక పాఠశాల సాధారణముగా ఊరియందేయుండును. అంగవైకల్యముగల బిడ్డను తల్లి చంకనెత్తుకొనియైనను అచ్చటికి చేర్చును. ఉన్నత పాఠశాల తరచుగా ప్రక్క గ్రామమందో, మండల కేంద్రమందో యుండును. అందుచే ఎనిమిదవ తరగతి దాటి తొమ్మిదవ తరగతిలో చేరవలసిన తరుణమున ఇట్టి పిల్లలు బడి మానుట సులభముగా జరిగిపోవును. ఇందుకు దూరము ఒక కారణము. వానలు లేని సంవత్సరములందు తల్లిదండ్రులు పనులకై వలసపోవుట రెండవ కారణము. ఈ రెండును సభ్యులందరు ఎరిగినవే. మూడవది వీనికన్న బలమైనది. “పెద్ద తరగతుల పాఠములు వీనికెక్కడ వచ్చును? పింఛను వచ్చుచున్నది గదా, ఇంటిపట్టున నుండనిండు” అను తలంపే అది. రాష్ట్రమున ఈ పింఛను 2024 జూలైలో మాసమునకు 6,000 రూపాయలకు పెంచబడినది. పింఛను ఆకలిని తీర్చును గాని, లెక్క చూచుకొనుట, ఉత్తరము చదువుకొనుట, ఒక వృత్తి నేర్చుకొనుట అనువానిని ఈయజాలదు. పాఠములు రావనుట కూడ సరికాదు. పాఠమునకు తగినట్లు బిడ్డ మారవలెననునది పాత పద్ధతి. బిడ్డకు తగినట్లు పాఠమును సవరింపవలెననునది నేటి చట్టము.

ఈ పిల్లలు ఎవరు?

1995 నాటి చట్టమందు వైకల్యములు 7 విధములుగా చెప్పబడినవి. దాని స్థానమున వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఇందు 21 విధములు పేర్కొనబడినవి. చూపులేమి, వినికిడి లోపము, చలన వైకల్యము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఆటిజము మున్నగువానితోపాటు, అభ్యసన వైకల్యము కూడ ఇందులో చేరినది. అభ్యసన వైకల్యముగల బాలుడు తెలివిగలవాడే. మాటలాడును, విన్నది గ్రహించును. కాని అక్షరములు తారుమారుగ తోచుటచేతనో, అంకెలు నిలువకపోవుటచేతనో చదువుటకు, వ్రాయుటకు కష్టపడును. ఇట్టివానిని సోమరియని దండించుట అనేకచోట్ల జరుగుచున్నది. అది మానవలెను.

మన ప్రాంతమునకు సంబంధించిన విశేషమొకటి గలదు. నీటిలో ఫ్లోరైడు అధికమగుటచే కలుగు వ్యాధి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాయందు వైద్యులచే వర్ణింపబడినది. పొదిలి, కనిగిరి ప్రాంతములు అప్పుడు ఆ జిల్లాలోనివే. త్రాగునీటి ప్రమాణములను బట్టి, వేరొక నీటి వసతి లేనిచోట సైతము లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. ఆ మితి దాటిన నీటిని చిరకాలము త్రాగినచో మొదట పండ్లపై గార కనిపించును, పిమ్మట ఎముకలు, కీళ్లు బిగిసికొనును. కొందరికి చిన్నతనమందే కాళ్లు వంకరపోవును. ఇట్టి బిడ్డ తెలివికేమియు లోటు లేదు. నేలపై గంటలకొలది కూర్చుండలేడు, దూరము నడువలేడు, అంతే. అతనికి కావలసినది తేలిక పాఠము కాదు. ఒక బల్ల, ఒక వాహనము, శుద్ధమైన నీరు.

పాఠ్యక్రమమును సవరించుట అనగానేమి?

2016 నాటి చట్టము 17వ విభాగమందు, దివ్యాంగులైన విద్యార్థుల అవసరములకు తగినట్లు పాఠ్యక్రమమును, పరీక్షా విధానమును మార్చవలెనని స్పష్టముగా చెప్పబడినది. ఈ మార్పు అందరికి ఒకే విధముగా నుండదు. ఉదాహరణకు తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయుడు జలవనరులను గూర్చి చెప్పుచు గుండ్లకమ్మపై గల కంభము చెరువును తీసికొనెననుకొందము. తరగతిలోని పిల్లలు పటమును చూచి, ఏరు వచ్చు దిక్కును, కట్టను, ఆయకట్టును గుర్తింతురు.

చూపులేని బాలికకు అదే పాఠము చెప్పవచ్చును. అట్టమీద దారముతో ఏటిని, చింతగింజలతో కట్టను, ఇసుకతో చెరువును అంటించి యిచ్చినచో ఆమె వ్రేళ్లతో తడవి గ్రహించును. ఆమె పుస్తకము బ్రెయిలు లిపిలో నుండును. ఆరు చుక్కల కూర్పుతో అక్షరములనేర్పరచు ఆ లిపిని భారతీయ భాషలకు ఒకే పద్ధతిగా 1951లో స్థిరపరచిరి. తెలుగు బ్రెయిలు అందులోనిదే. దీనిని వ్రాయుటకు కూడ ఒక పలక గలదు. గళ్లుగల ఆ పలక నడుమ దళసరి కాగితమును బిగించి, మొనగల పుల్లతో కుడినుండి ఎడమకు చుక్కలను పొడిచి, కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుదురు. ఆమెకు పాఠము తగ్గింపబడలేదు, దారి మాత్రమే మారినది.

వినికిడి లేని బాలునికి ఉపాధ్యాయుడు ముఖమెదురుగ నిలిచి, ముఖ్యపదములను నల్లబల్లపై వ్రాసి, బొమ్మలతోను, సంజ్ఞలతోను చెప్పవలెను. ఉపాధ్యాయుడు బల్లవైపు తిరిగి మాటలాడినచో ఆ మాట అతనికి చేరదు. అభ్యసన వైకల్యముగల బాలుడు పాఠమును విని, నోటితో సమాధానము చెప్పవచ్చును.

బుద్ధిమాంద్యముగల బాలికకు గమ్యమే వేరుగ నుండవలెను. కొలతపాత్రతో నీరు కొలుచుట, ఏ కుళాయి నీరు త్రాగదగినదో, ఏ బోరు నీరు త్రాగరాదో గుర్తించుట, నీటి డబ్బాకు డబ్బులిచ్చి చిల్లర సరిచూచుకొనుట ఆమెకు ఈ పాఠములోని సారము. తరగతి అదియే, పాఠము అదియే, ఆమె నేర్చుకొనునది మాత్రము ఆమె జీవితమునకు పనికివచ్చునది.

ఇందువలన రెండు పొరపాట్లను గుర్తింపవచ్చును. అందరికి ఒకే పాఠమును ఒకే తీరున చెప్పుట మొదటి పొరపాటు. దివ్యాంగులందరికి సులభమైన పాఠము చాలుననుట రెండవది. చూపులేని తెలివైన బిడ్డకు తేలిక పాఠమిచ్చుట ఆమె శక్తిని అవమానించుటయే యగును.

పరీక్షలయందలి సౌకర్యములు

పరీక్ష వ్రాయుటకు అదనపు కాలము, చెప్పిన సమాధానమును వ్రాసిపెట్టు లేఖకుడు, ద్వితీయ తృతీయ భాషలనుండి మినహాయింపు అను మూడింటిని చట్టమే పేర్కొన్నది. అదనపు కాలము గంటకు 20 నిమిషములకు తక్కువ కారాదని 2018లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములను జారీచేసినది. పదవ తరగతికి వర్తించు రాష్ట్ర నియమములను ప్రధానోపాధ్యాయునివద్ద తెలిసికొనవలెను.

ఇందు రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది వైకల్య ధ్రువపత్రము. అది చేతలేనిచో సౌకర్యము లభించుట కష్టము. పరీక్షకు దరఖాస్తులు పంపునప్పుడు ఆసుపత్రికి పరుగెత్తుటకంటె, తొమ్మిదవ తరగతిలో నుండగనే పత్రమును పొందుట మేలు. పెక్కు సదుపాయములకు వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గకుండ ఉన్నట్లు వైద్యులు ధ్రువపరుపవలెను. రెండవది మినహాయింపులను గూర్చినది. ఒక విషయమును వదలుకొన్న విద్యార్థికి తరువాత కొన్ని చదువులు అందకపోవచ్చును. కావున మినహాయింపు కోరుటకు పూర్వము తల్లిదండ్రులు ఉపాధ్యాయునితో చర్చించి, బిడ్డ అభిప్రాయమును గూడ అడిగి నిర్ణయింపవలెను.

ఎవరు బోధింతురు?

మండలములందు భవిత కేంద్రములు ఏర్పడియున్నవి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వీనియందు పనిచేయుచు, సాధారణ పాఠశాలలలోని ఇట్టి పిల్లలకు తోడ్పడుదురు. ఉన్నత తరగతులలో 15 మంది ప్రత్యేకావసరములుగల పిల్లలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునందు పేర్కొన్నది. ఉపాధ్యాయుడు లేనిచోట ఆ సంఖ్యను చూపి అడుగుటకు పంచాయితీకి ఇది ఆధారము.

కదలలేని స్థితిలోనున్న బిడ్డల మాటయేమి? విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ ననుసరించి, తీవ్ర వైకల్యముగల పిల్లలు ఇంటివద్దనే విద్య పొందు హక్కు గలవారు. ఆ చట్టము 6 మొదలు 14 సంవత్సరముల వరకు వర్తించును. దివ్యాంగుల హక్కుల చట్టము నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యముగలవారికి 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య నిచ్చుచున్నది. కావున “పదునాలుగేండ్లు నిండినవి, ఇక మా బాధ్యత లేదు” అని ఎవరైన చెప్పినచో, అది దివ్యాంగ బాలుని విషయమున చెల్లదు. నిత్యము బడికి పోలేనివారు సార్వత్రిక విద్యాపీఠము ద్వారా కొన్ని కొన్ని విషయములుగా పరీక్ష పూర్తిచేయు మార్గమును గలదు.

సమగ్ర శిక్షా పథకమందు ప్రత్యేకావసరములుగల బాలికలకు 1వ తరగతి మొదలు 12వ తరగతి వరకు నెలకు 200 రూపాయలు చొప్పున 10 మాసములు వేతనము నిర్ణయింపబడినది. రాకపోకలకు, వెంటవచ్చు తోడునకు భత్యము, ఉపకరణములు కూడ ఈ పథకములోనివే. బాలిక పేర బ్యాంకు ఖాతా లేనందున ఈ మొత్తము ఆగిపోవుట విచారకరము. దానిని సరిచేయుట గ్రామమందే సాధ్యము.

పంచాయితీ బాధ్యత

ఇది విద్యాశాఖ పని గదా యని కొందరు తలంపవచ్చును. రాజ్యాంగమునకు 73వ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో పంచాయితీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతోకూడిన విద్య. 26వది వికలాంగుల సంక్షేమముతోకూడిన సాంఘిక సంక్షేమము. ఈ రెండును కలియు చోటనే మన బిడ్డ నిలిచియున్నాడు. కావున సభ్యులు ఈ క్రింది పనులు చేపట్టవచ్చును.

1. జూన్ మాసమున బడులు తెరచుటకు పూర్వమే ప్రధానోపాధ్యాయునితోను, అంగన్వాడీ కార్యకర్తతోను కూర్చుండి, 18 సంవత్సరములలోపు ప్రత్యేకావసరములుగల పిల్లల జాబితా తయారుచేయుట. వలసపోయిన కుటుంబముల పిల్లలను, నల్లమల గూడెములలోని చెంచు పిల్లలను మరువరాదు. ఈ పేర్లను సభలో బిగ్గరగా చదువుట తగదు. గ్రామసభకు సంఖ్య చెప్పిన చాలును.

2. ఎనిమిదవ తరగతి ముగించిన ప్రతి బిడ్డ తొమ్మిదవ తరగతిలో చేరినదీ లేనిదీ జూలై మాసాంతమునకు విచారించుట.

3. ధ్రువపత్రము లేనివారిని వైద్య శిబిరమునకు తోడ్కొనిపోవుట. శిబిరము తేదీని గ్రామమంతట చాటించుట.

4. పాఠశాలకు చేర్చు బాటను, వాలుదారిని, చేతిపట్టుగల మరుగుదొడ్డిని గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చుట. చక్రముల కుర్చీ ఎక్కలేనంత నిటారుగానున్న వాలుదారి నిష్ప్రయోజనము. కుర్చీలో కూర్చుండు బిడ్డచేతనే దానిని పరీక్షింపజేయవలెను.

5. పాఠశాలయందు త్రాగు నీటిని ఫ్లోరైడు పరీక్షకు పంపి, ఫలితమును గోడపై వ్రాయించుట.

6. ఉన్నత పాఠశాలకు పోవు ఆటోయందు దివ్యాంగ బాలునికి చోటు కుదుర్చుట, భత్యము అందునట్లు చూచుట.

ఈ ఆరు పనులలో మొదటి మూడింటికి పంచాయితీ నిధినుండి చెప్పుకోదగిన వ్యయమేమియు లేదు. సభ్యుని కాలము, శ్రద్ధ మాత్రమే కావలెను. మీ వార్డులో తొమ్మిదవ తరగతికి పోవలసియుండి పోని బిడ్డ ఒక్కడున్నను, వాని యింటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడుడు. “వీనికి చదువు రాదు” అని వారు చెప్పినచో, వీనికి తగిన చదువు చట్టమందు గలదనియు, దానిని అడిగి తెప్పించు భారము పంచాయితీ వహించుననియు వారికి తెలుపుడు.